తిరగబడ్డ గొడుగు

వల్దీవియాలో వాన గురించి ఎవరూ మాట్లాడరు,
ఊపిరి గురించి మాట్లాడనట్టే.
చేపల బజారు వెనక మెట్ల మీద
సముద్ర సింహాలు తడుస్తూనే ఆవులిస్తాయి.
నేను గాజు కడుగుతాను.
రసాయనశాస్త్ర భవనం, రెండో అంతస్తు,
పంతొమ్మిదేళ్లుగా బీకర్లు, ఫ్లాస్కులు, ఇతరుల తొందర.

ప్రొఫెసర్ ఎదెల్మీరా ఓయార్సున్ మాత్రం
తన గాజు తనే కడుక్కునేది.
స్ఫటికం పెరిగే సీసాని కిటికీకి దూరంగా
ఇసుక పెట్టెలో పడుకోబెట్టి
"చప్పుడు చెయ్యకు నిబాల్దో,
ఇప్పుడిప్పుడే వరసలో నిలబడుతున్నాయి" అనేది.
పంచదార పలుకంత దాని కోసం పదకొండు వారాలు.
ఆ పైన ఎక్స్ కిరణాలు,
తెర మీద చుక్కలు, చుక్కలు,
గీతలు కలపడం మరిచిపోయిన చుక్కలు.
వాటిలోంచి ఒక అణువును లెక్కగట్టి లాగేది,
ఊబిలోంచి ఆవును లాగినట్టు,
మెల్లగా, బురదతో సహా.

ఆ రోజు గాలి నది మీంచి తిన్నగా వచ్చింది.
ఆమె క్లాసులో అడుగు పెట్టేసరికి
గొడుగు గిన్నెలా పైకి తిరగబడి ఉంది.
పిల్లలు నవ్వారు.
ఆమె నవ్వలేదు, దాన్ని మూయనూ లేదు.
బల్ల మీద పెట్టి
ఎనిమిది ఊచల్లో మూడింటికి సుద్దముక్కలు గుచ్చి
"అమోనియా" అంది.
సుద్దముక్కలు హైడ్రోజన్లు, నడిమి గుబ్బ నైట్రోజన్,
దాని కొన మీద, ఎవరి చెయ్యీ పట్టుకోని చోట,
ఒంటరి జంట.

"ఒంటరా, జంటా? ఏదో ఒకటి చెప్పండి"
అన్నాడు వెనక బెంచీ కుర్రాడు.
"పెళ్లయినవాళ్లని అడుగు" అంది.
అప్పుడు నవ్వింది.

గొడుగును లోపలికి నొక్కింది, పైకి నెట్టింది, మళ్లీ నొక్కింది.
"ఇలా సెకనుకు
రెండువేల నాలుగు వందల కోట్ల సార్లు.
గాలి అక్కర్లేకుండానే."

తర్వాత సంచిలోంచి, ఏటేటా తీసేదే,
పసుపెక్కిన తన వ్యాసం తీసింది.
ఇరవై తొమ్మిదేళ్లప్పుడు రాసింది:
నా అణువు చదునుగా ఉంటుంది, పళ్లెంలా.
అచ్చయిన ఏడాదికి గ్రోనింగెన్ నుంచి ఉత్తరం.
మేడమ్, మీ అణువు చదును కాదు.
కాసేపు పైకి వంగుతుంది, కాసేపు కిందికి.
మీ యంత్రం రెంటినీ కలిపి మధ్యలో చూపించింది.
చల్లబరిచి చూడండి.
ద్రవ నైట్రోజన్ పొగల్లో రెండు రాత్రులు కూర్చుని చూసింది.
అతను చెప్పిందే నిజం.

ఆ ఉత్తరం సొరుగులోనే ఉంచి
వ్యాసం మాత్రం పిల్లలకిచ్చేది.
"తప్పు వెతకండి."
జవాబు చెప్పేది కాదు.
ఒక ఏడు ఎవరికీ దొరకలేదు,
సెలవులకి అలాగే పంపేసింది.
డీన్ పిలిచి శాఖ పరువు గురించి మాట్లాడితే
"పరువు కూడా సగటేనండీ" అని వచ్చేసిందట.

ఆ రోజు రయేన్ చెయ్యెత్తింది.
లాంకో నుంచి బస్సులో వచ్చే పిల్ల,
ఏడాదంతా కలిపి పది మాటలు మాట్లాడి ఉంటుందేమో.
"ఈ పరమాణువు చుట్టూ గీసిన గుడ్డు
మిగతావాటికన్నా పొడుగ్గా ఉందేం?
పైకీ కిందికీ సాగినట్టుంది.
ఇది... ఊగుతోందా?"

నేను ట్రేతో గుమ్మంలో ఉన్నాను.
ఫ్లాస్కులు ఒకదానికొకటి తగిలి మోగాయి.
ప్రొఫెసర్ కుర్చీ లాక్కుని కూర్చుంది.
ఏటా ఆ వ్యాసం పట్టుకొచ్చేదే గానీ
ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు:
"నాకూ కనిపించింది ఆ గుడ్డు.
ఉత్తరం రాకముందే.
వేలితో కప్పుకుని చూశాను.
మిగతాదంతా ఎంతో అందంగా ఉంది."

ఎవరూ ఏమీ రాసుకోలేదు.

క్లాసయ్యాక గొడుగు అక్కడే వదిలి
నెత్తి మీద సంచి పెట్టుకుని వెళ్లిపోయింది.
మూయబోతే నా చేతిలో ఒక ఊచ విరిగింది.
ఇప్పుడది సింకు పక్కన ఉంది.
మిగిలిన ఏడింటికీ
టెస్ట్ ట్యూబులు బోర్లించి ఆరబెడుతున్నాను.